వానలేని నెలలో పెరిగిన నీళ్లు

జూన్ ఆఖరి వారంలో సివ్యో అవ్వ గుంటలో నీళ్లు గీతకు నాలుగు వేళ్ల కిందికి దిగాయని మా అమ్మ చెప్పింది. జూలై మూడో వారంలో అవే నీళ్లు గీత దాటి రెండు వేళ్లు పైకి వచ్చాయని కూడా మా అమ్మే చెప్పింది. మధ్యలో బుఖారాలో ఒక్క చినుకు పడలేదు. మా ఊళ్లో మే నెల దాటాక అక్టోబరు దాకా ఆకాశం నుంచి రాలేది దుమ్ము ఒక్కటే.

అమ్మ ఈ రెండు మాటలూ వేర్వేరు రోజుల్లో అంది. ఒకటి ఉల్లిపాయలు తరుగుతూ, ఇంకోటి పరుపులో దూది సర్దుతూ. ఆమెకు అవి రెండు ముచ్చట్లు. నాకు మాత్రం ఆ రెండూ పక్కపక్కన పెట్టగానే మెడ వెనక చీమ పాకినట్టయింది.

మా యూదుల పేటలో ఆడవాళ్లు నెలనెలా ముట్టు తీరి, ఆ గుంటలో మునిగి లేచాకే మళ్లీ భర్త పక్కన పడుకోవాలి. పెళ్లికూతురు మునిగి లేస్తేనే పెళ్లి. మునిగేది ఒళ్లు కడుక్కోవడానికి కాదు. ఒళ్లు ముందే కడుక్కుని వస్తారు. అందులో ఉండాల్సింది మనిషి చేదిన నీళ్లు కాదు. బావిలోంచి తోడినవి, పంపు కింద పట్టినవి, బిందెలో మోసినవి పనికిరావు. పైనుంచి పడి, కప్పు మీదుగా జారి, మట్టి కాలువలో తమంతట తాము నడిచి వచ్చిన వాన నీళ్లే కావాలి. అవి నలభై కొలతలు ఉండాలి. ఆ నలభైకీ గుర్తు గోడ మీద గీత. నీళ్లు గీత మీద ఉన్నంతకాలం ఏ బెంగా లేదు. గీత కిందికి దిగాక మనిషి చేత్తో మూడు చెంబులు కలిపినా గుంట మొత్తం చెడినట్టే. అప్పుడు దాన్ని పూర్తిగా తోడి పారబోసి, మళ్లీ వాన కోసం ఎదురుచూడాలి.

ఇదంతా నాకు ఎవరూ నేర్పలేదు. యుద్ధానికి ముందే మా బడి మూతపడింది. సమాజమందిరం అటక మీద చిరిగిన పవిత్ర గ్రంథాలను పారేయకుండా దాచి ఉంచుతారు. నేను పద్నాలుగో ఏట నుంచి అక్కడికి ఎక్కి, ఎలుకలు మిగిల్చిన పుటలు కూడబలుక్కుంటూ చదివినవాణ్ణి. పగలు చెప్పులు కుట్టే సహకార సంఘంలో మేకులు కొట్టడం, మిగతా టైములో ఆ పుటలు. పేటలో పెద్దలమని తిరిగేవాళ్లలో సగం మందికి ప్రార్థన నోటికి వచ్చు గానీ అర్థం తెలియదు. ఆ సంగతి నాకు తెలుసని వాళ్లకూ తెలుసు. అందుకే మా మధ్య ప్రేమ తక్కువ.

నీళ్ల గురించి లేఖనం చెప్పేది ఎంత చదివితే నాకు అంత అనుమానం పెరిగేది. వెలుగు కలగమని దేవుడు చెప్పాడు. నేల కనబడమని చెప్పాడు. నీళ్లు కలగమని మాత్రం ఎక్కడా చెప్పలేదు. ఆయన నోరు తెరిచేసరికే నీళ్లు ఉన్నాయి. ఒక్కో రోజు పని ముగిశాక బాగుందనుకున్నాడు, కానీ నీళ్లను పైవీ కిందవీ అని రెండుగా చీల్చిన రోజున ఆ మాట అనలేదు. ఆ తర్వాత నీళ్లున్న ప్రతిచోటా తగువే. ఇస్సాకు బావి తవ్వితే పసులకాపరులు వచ్చి మాదంటారు. ఇంకోటి తవ్వితే దానికీ తగువు. మోషే అంతటివాడు ఒక బండ దగ్గర నీళ్ల కోసం కోపం తెచ్చుకుని, చేరవలసిన దేశానికి చేరకుండానే పోయాడు. నీళ్లు ఎవరినీ ఊరికే వదలవని నాకు అర్థమైంది.

సివ్యో అవ్వను కూడా వదలలేదు.

ఆమె షహ్రిసబ్జ్ నుంచి పదహారేళ్లకు కోడలిగా వచ్చింది. అప్పుడు పేటకు పెద్ద గుంట ఒకటి బాహాటంగానే ఉండేది. దాని అజమాయిషీ ఆమె అత్త చేతిలో. అత్తకు కోడలంటే పడేది కాదట, కానీ ఆడవాళ్ల గోళ్ల కింద మట్టి, జడలో చిక్కు, పంటి సందున మాంసం పీచు ఇలాంటివి పట్టుకోవడంలో ఆ పిల్ల కళ్లు గద్ద కళ్లని తనే చెప్పుకునేదట. సర్కారు వాళ్లు పెద్ద గుంటను పూడ్చి పైన సున్నం గిడ్డంగి కట్టిన ఏడాది అత్త మంచం పట్టింది. సివ్యో, ఆమె భర్త అబోహాయ్ కలిసి తమ ఇంటి సామాన్ల గది అడుగున తవ్వడం మొదలుపెట్టారు. మూడు చలికాలాలు తవ్వారు. మట్టిని పిండి తొట్టెల్లో పెట్టి, పైన గుడ్డ కప్పి, రొట్టెలు కాల్చే పొయ్యికి పోతున్నట్టు బయటికి మోశారు. కప్పు నుంచి గోడలోగుండా కాలువ చేశారు. పైన చెక్క మూత, మూత మీద తివాచీ, తివాచీ మీద బియ్యం మూటలు. తర్వాత అబోహాయ్ యుద్ధానికి పోయి తిరిగి రాలేదు. చనిపోయాడన్న కాగితం కూడా రాలేదు. పిల్లలు లేరు. చెల్లెలి కొడుకు నిసోన్ ఒక్కడే ఆమెకు సొంతమనుకునే మనిషి. వాడికి ముప్పై దగ్గర పడుతున్నా పెళ్లి కాలేదు. వాడికి కూడా కుక్కలకు విసిరినట్టు తిట్లు విసురుతూ అన్నం పెట్టేది.

నోరు అలాంటిది. మా మేనత్త గోళ్లకు రంగు వేసుకుని వెళ్తే, "ఏమే, మునగడానికొచ్చావా, బొమ్మలాటకొచ్చావా? ముందు ఆ రంగు గీకి రా" అని తలుపు వేసేసిందట. ఎవరినీ నమ్మదు. తలుపు తట్టినవాళ్ల పేరు అడగదు, వాళ్ల అత్తగారి పుట్టింటి పేరు అడుగుతుంది. పేటలో ఆమెను ప్రేమించినవాళ్లు తక్కువ. కానీ ఆమె "సరే, మునిగావు" అంటే దానికి తిరుగు లేదు.

ఆ ఒక్క మాట మీదే మా చెల్లెలు మజోల్ పెళ్లి ఆధారపడి ఉంది. ఆగస్టు నడుమ ముహూర్తం. అంతకు ముందు రోజు ఆ గుంటలో మునగాలి.

నాకు నిద్ర పట్టలేదు. ఆ నీళ్లు చేదిన నీళ్లయితే నా చెల్లెలు మునిగీ మునగనట్టే. ఈ నెలలో మునిగిన ఆడవాళ్లందరిదీ అదే గతి. దీన్ని పట్టుకోగలిగినవాణ్ణి పేట మొత్తంలో నేనొక్కణ్ణే. ఈ చివరి మాటే నన్ను ఎక్కువగా నెట్టిందని ఇప్పుడు తెలుస్తోంది.

తెల్లవారుతుండగా ఆమె సందు ఎదురుగా ఉన్న కూలిన గోడ వెనక కూర్చోవడం మొదలుపెట్టాను. మొదటి రోజు ఏమీ లేదు. రెండో రోజు ఒక పిల్లి. మూడో రోజు, రొట్టెలవాడు ఇంకా రాకముందే, సివ్యో అవ్వ వీధి చివర నుంచి వస్తోంది. రెండు చేతుల్లో రెండు బకెట్లు. మీద మందపు ఉన్ని కంబళి ముక్కలు కప్పి, అంచుల్లో గడ్డి కుక్కి ఉంది. బరువుకు ఆమె భుజాలు కిందికి లాక్కుపోతున్నాయి. ఆమె నడిచిన దారంతా దుమ్ములో చుక్కలు. బకెట్ల అడుగు నుంచి నీళ్లు కారుతున్నాయి. తలుపు తోసుకుని లోపలికి పోయింది. సామాన్ల గదిలో మూటలు జరిపిన చప్పుడు విన్నాను.

లేచి దారిలోని చుక్కలు వేలితో తాకి చూశాను. తడి. ఇంకేం కావాలి?

మర్నాడు హియో మామ మంగలి అంగడికి పోయాను. ఆయన మందిరం పెత్తనం కూడా చూస్తాడు. ఒక చేతిలో కత్తి, ఇంకో చేతిలో మతం. నేను చెబుతుంటే నా గడ్డం మీద నురగ ఆరిపోయింది.

"నీ కళ్లతో చూశావా?" అన్నాడు.

"చూశాను. బకెట్లు. కప్పుకుని మరీ తెచ్చింది. నీళ్లు కారుతున్నాయి."

"ఒరేయ్ ఇల్యావూ, నువ్వు పుస్తకాల పిచ్చోడివి. ఇది పుస్తకం కాదు. ఇది మా కోడలి కడుపు." కత్తి పక్కన పెట్టాడు. "జూలై రెండో వారంలోనే అది గుంటకు పోయొచ్చింది. ఇప్పుడు నెల తప్పిందని నిన్ననే చెప్పారు. ఆ బిడ్డను నేనేమనుకోవాలి?"

అంతదాకా నాకు ఆ బిడ్డ సంగతి తట్టలేదు. చెప్పేశాక వెనక్కి తీసుకోవడానికి లేదు. తీసుకోవాలని కూడా అప్పుడు అనిపించలేదు. ఒక పెద్దమనిషి నా మాటను మొదటిసారి నోరు మూసుకుని విన్నాడు. ఆ రుచి నాకు కొత్త.

మూడు రోజుల్లో పేటంతా పాకింది. ఎవరూ గట్టిగా అనరు. గట్టిగా అంటే వీధి సంఘం కార్యదర్శికి వినబడుతుంది, వినబడితే గుంటకు సీలు పడుతుంది. అందుకని గుసగుసలే. ఆడవాళ్లు వేళ్ల మీద నెలలు లెక్కపెట్టుకున్నారు. మొగుళ్లు పెళ్లాల వైపు ఓరగా చూశారు. పంపు దగ్గర ఒకామె ఇంకొకామెతో, "నువ్వెప్పుడు పోయావే?" అనడం, ఆమె "నీకెందుకే?" అనడం. ఎవరు ఎప్పుడు మునిగారో తెలిస్తే ఎవరిది చెడిందో తెలిసిపోతుంది. అందుకని అందరూ అందరినీ అడిగారు, ఎవరూ ఎవరికీ చెప్పలేదు.

మజోల్ కాబోయే అత్తగారు మా ఇంటికొచ్చి టీ కూడా ముట్టలేదు.

"మా కోడలు ఆ గుంటలో మునిగితే మాకొద్దు" అంది.

"మరెక్కడ మునగమంటారు వదినా?" అంది అమ్మ.

"సమర్కండ్‌లో ఉందట ఒకటి."

"ఉండేది. పోయిన చలికాలం మూసేశారు."

"అయితే కాలువలో మునగాలి. పారే నీళ్లకు దోషం లేదంటారు."

"పట్టపగలు వంతెన మీద నలభై మంది నిలబడుంటే నా కూతురు కాలువలో దిగుతుందా? చీకట్లో దిగితే మిలీషియా పోలీసువాడు లాంతరు పట్టుకుని ఎందుకు దిగావని అడుగుతాడు. మీ ఇంటి పిల్లనైతే పంపుతారా?"

"అయితే వానలొచ్చేదాకా ఆగుదాం" అని ఆమె లేచింది. గుమ్మం దగ్గర ఆగి నన్ను చూసింది. "అంతదాకా మా వాడి మనసు ఆగుతుందని నేను మాటివ్వలేను."

ఆమె పోయాక మజోల్ ఏడవలేదు. నా దగ్గరకొచ్చి కూర్చుంది.

"అన్నయ్యా, నిజంగా చూశావా?"

"చూశాను."

"నీళ్లు చూశావా, బకెట్లు చూశావా?"

"బకెట్లలో ఇంకేం ఉంటుందే?"

అది లేచి, ముట్టని టీ తీసుకెళ్లి పారబోసింది. నాకు కోపం వచ్చింది. ఆ కోపం దాని మీద కాదని నాకు తెలుసు.

శనివారం, సబ్బాతు సాయంత్రం హియో మామ ఇంటి పెరట్లో పెద్దలు కూడారు. పండక్కి కూడినట్టు మధ్యలో ద్రాక్షపళ్లు పెట్టుకున్నారు, ఎవరైనా తొంగిచూస్తే చెప్పుకోవడానికి. సివ్యో అవ్వను పిలిపించారు. ఆమె నల్ల రుమాలు కట్టుకుని వచ్చి, కూర్చోమన్నా కూర్చోలేదు.

"గీత కిందికి దిగిన నీళ్లు ఎలా పెరిగాయి సివ్యో?" అన్నాడు హియో మామ.

"పెరిగాయి."

"ఎలా అని అడుగుతున్నా."

"గుంట చెడలేదు. ఇరవై రెండేళ్లుగా మీ పెళ్లాలను, మీ కూతుళ్లను ముంచి లేపాను. చెడలేదని నేను చెబుతున్నాను. ఇంకేం కావాలి?"

"బకెట్లతో ఏం తెచ్చావు?"

ఆమె చూపు మా మధ్య తిరిగి నా మీద ఆగింది. నేను సాక్షినని ఎవరూ చెప్పలేదు. చెప్పనక్కరలేదు.

"ఏం తెచ్చానో తెచ్చాను. అది నా పని."

"చూశావా, చెప్పదు" అని ఒకాయన పక్కనున్నాయన చెవిలో అన్నాడు.

"ఆ కాలంలో ఇలాంటిదానికి చేదు నీళ్లు తాగించేవాళ్లు" అని వెనక నుంచి ఇంకొకడు నవ్వబోయాడు. మొగుడికి పెళ్లాం మీద అనుమానం వస్తే యాజకుడు మట్టి కలిపిన నీళ్లు తాగించే ఆచారం లేఖనంలో ఉంది. వాడన్నది దాని గురించి.

సివ్యో అవ్వ వాడి వైపు తిరిగింది. "అది తాగించే గుడి కూలి రెండు వేల ఏళ్లయింది నాయనా. ఉండుంటే నేను తాగి చూపించేదాన్ని. నీ పెళ్లానికి కూడా ఒక గ్లాసు అడిగేదాన్ని." ఆ తర్వాత పెద్దల వైపు, "ఇంకేమైనా ఉందా? పొయ్యి మీద ఏదీ లేదుగానీ, నాకు మీ మొహాలు చూస్తూ నిలబడే ఓపిక లేదు" అని వెళ్లిపోయింది.

తప్పు లేనిది అయితే చెప్పేసేది కదా అని అందరూ అనుకున్నారు. నేను అందరికన్నా ముందే అనుకున్నాను. మంగళవారం గుంట తోడి పారబోయాలని నిర్ణయించారు. పెళ్లికి ఇంక పదకొండు రోజులు. వానకు కనీసం రెండు నెలలు.

నాకు ఇంకొక్క తృప్తి మిగిలింది. పిన్హాస్ గురువు చేత అవునని అనిపించుకోవాలి. పేటలో నిజంగా చదువుకున్నవాడు ఆయన ఒక్కడే. ఒకసారి సర్కారు పట్టుకెళ్లి నాలుగేళ్లకు వదిలింది. అప్పటినుంచి అల్లుడి ఇంట్లో వెనక గదిలో ఉంటాడు. కళ్లు దాదాపు కనబడవు. అల్లుడు ఎవరినీ రానివ్వడు. నేను చెప్పులు బాగుచేసే నెపంతో వెళ్లాను. ఆదివారం మధ్యాహ్నం, అల్లుడు కునుకు తీస్తుండగా.

అంతా చెప్పాను. గీత, చుక్కలు, బకెట్లు. చదివిన పుట కూడా ఒప్పజెప్పాను. ఆయన కళ్లు మూసుకుని విన్నాడు.

"బాగా చదివావు" అన్నాడు. "ఆ పుట తర్వాత ఏముంది?"

"తర్వాతి పుటలు లేవు గురువుగారూ. ఎలుకలు కొట్టేశాయి."

"ఊఁ. బకెట్ల మీద ఏం కప్పింది?"

"ఉన్ని కంబళి. మందంగా. అంచుల్లో గడ్డి కూడా కుక్కింది."

"బుఖారాలో, జూలైలో, నీళ్ల మీద ఉన్ని కప్పి గడ్డి కుక్కేవాణ్ణి ఎవరినైనా చూశావా?"

నేను చేతిలోని చెప్పు తిరగేశాను.

"దాని చెల్లెలి కొడుకు ఎక్కడ పనిచేస్తాడు?"

"నిసోనా? మాంసం గిడ్డంగికి..." అని ఆగిపోయాను. మాంసం గిడ్డంగికి మంచు దిమ్మలు పోసే చోట నిసోన్ పని. తెల్లవారుజామున వాడి డ్యూటీ దిగుతుంది.

"ఎలుకలు తిన్న పుటలో ఉండేది అదే" అన్నాడు గురువు, వంట విధానం చెబుతున్నంత నెమ్మదిగా. "మంచు, వడగళ్లు, గడ్డ కట్టిన నీళ్లు మనిషి చేత్తో మోసుకొచ్చి వేసినా చేదిన నీళ్ల లెక్కలోకి రావు. గుంటలో వేస్తే అక్కడే కరిగి గుంటను నింపుతాయి. దోషం లేదు."

"అయితే ఆవిడ ఆ ముక్క చెప్పొచ్చు కదా!"

"చెబితే?"

అప్పుడు అర్థమైంది. ఆ ఏళ్లలో సర్కారు పొలంలో రాలిన గోధుమ కంకులు ఏరుకున్న ఆడమనిషికి ఏడేళ్లు వేశారు. సర్కారు మంచు మోసుకుపోయినవాడికి ఎన్నేళ్లు వేస్తారో? మంచు అన్న మాట పెరట్లో ఒక్కసారి బయటికొస్తే, రెండో రోజుకి ఎవడి మంచు అన్న ప్రశ్న వస్తుంది. మూడో రోజుకి నిసోన్ ఉండడు. ఆ పెరట్లో పద్నాలుగు మంది ఉన్నారు. ఆ రోజుల్లో పద్నాలుగు మంది ఉన్నచోట ఒకడు వెళ్లి చెప్పేవాడు ఉండితీరేవాడు. అవ్వకు ఆ లెక్క తెలుసు. అందుకే మొహాన ఉమ్మేయించుకుని నిలబడింది.

"మీకు ఇంత త్వరగా ఎలా తట్టింది?" అన్నాను. ఆయన మీద కూడా నాకు అనుమానమే. జూన్‌లో అవ్వ ఈ గదికి వచ్చి అడిగి ఉంటుందా?

"ముసలివాణ్ణి. పనేముంది, ఆలోచించడమే కదా."

"అది మంచేనని మీరు కచ్చితంగా చెప్పగలరా?"

"నేను చూడలేదు. నువ్వు చూడలేదు. వెళ్లి అడిగితే చెబుతుందేమో. కానీ అడగకు. నువ్వు తెలుసుకున్న ప్రతి ముక్కా రేపు నీ నోట్లోంచి ఎవడో పిండుకుంటాడు. నాకు ఆ పిండడం తెలుసు."

నేను లేవబోయాను. ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు.

"ఆ చేదు నీళ్లు ఎలా చేసేవాళ్లో చదివావా?"

"చదివాను. గిన్నెలో నీళ్లు, గుడి నేల మీది మట్టి. శాపం రాసి ఆ సిరా నీళ్లలో కడిగేస్తారు."

"ఆ శాపంలో ఎవరి పేరు ఉంటుంది?"

"దేవుడి పేరు."

"మామూలప్పుడు ఆ పేరులో ఒక అక్షరం చెరిపినా పాపం. ఇక్కడ మాత్రం తన పేరును నీళ్లలో కలిపి కరిగించేయమని ఆయనే చెప్పాడు. ఒక ఇంట్లో అనుమానం తీరాలి, మొగుడూ పెళ్లాం మళ్లీ కలిసి అన్నం తినాలి. దానికోసం తన పేరు పోయినా ఫర్వాలేదన్నాడు." నా మణికట్టు వదిలేశాడు. "నీ పేరు ఎంత పెద్దదిరా ఇల్యావూ?"

అల్లుడు దగ్గిన చప్పుడైంది. చెప్పులు పట్టుకుని బయటికొచ్చాను.

ఇంటికి పోకుండా చాలాసేపు తిరిగాను. నేను నిజం చెప్పాను. బకెట్లు నిజం, తడి నిజం, ఎక్కిన నీళ్లు నిజం. నా నిజాన్ని వెనక్కి తీసుకోవాలంటే దానికన్నా పెద్ద నిజం చెప్పాలి, చెబితే ఒకడు పోతాడు. లేదా ఒక అబద్ధం చెప్పాలి. పేటలో నాకంటూ ఉన్నది ఒక్కటే: కుర్రవాడు కటువుగా మాట్లాడతాడు గానీ అబద్ధమాడడు అన్న మాట. ఆ ముసలాయన సరిగ్గా దాన్నే అడిగాడు. ఆయన మీద నాకు పీకలదాకా మండింది. సివ్యో అవ్వ మీద మండింది. ఆ మంచు నిజంగా మంచు కాకపోతే? ముసలాయన ఆమెను కాపాడడానికి అల్లిన కథ అయితే? పుట నా దగ్గర లేదు కదా.

సోమవారం పొద్దున ప్రార్థన ముగిసి అందరూ చేతికీ నుదుటికీ కట్టుకున్న తోలు పట్టీలు విప్పుకుంటుండగా హియో మామ దగ్గరికి పోయి అందరికీ వినబడేలా చెప్పాను.

"సివ్యో అవ్వ గురించి నేను చెప్పింది అబద్ధం."

"ఏం అబద్ధం?" అన్నాడు హియో మామ.

"బకెట్లు నేను చూడలేదు. ఆవిడ మా మేనత్తను ఒకసారి గుమ్మంలోంచి తరిమింది. దానికి కక్ష పెట్టుకున్నాను."

"నీళ్లు పెరగడం?"

"అది కూడా నేను అల్లిందే. అమ్మ అన్నదాన్ని తిప్పి చెప్పాను."

హియో మామ మొహంలో మొదట కనబడింది కోపం కాదు. ఊపిరి. కోడలు గుర్తొచ్చి ఉంటుంది. ఆ తర్వాత కోపం వచ్చింది, నా చెంప మీద కొట్టాడు. మంగలి చెయ్యి, తేలిగ్గా ఉంటుందనుకునేవాణ్ణి. కాదు.

"నీలాంటివాడికి అటక ఎక్కే దారి చూపించినవాణ్ణి నరకాలి" అన్నాడు.

"వీణ్ణి ఎవరు పంపారో కనుక్కోండి" అన్నాడు ఒకడు వెనక నుంచి. "ఊరికే ఇలాంటి పుకారు ఎవడు పుట్టిస్తాడు? గుంట గురించి గొడవ రేపి సీలు వేయించడానికే."

అది నేను ఊహించలేదు. అబద్ధాలకోరు అనిపించుకుంటాననుకున్నాను గానీ, సర్కారు మనిషి అనిపించుకుంటానని అనుకోలేదు. నా పట్టీలు చుట్టుకుని బయటికొచ్చేశాను.

మధ్యాహ్నం ఇద్దరు ఆడవాళ్లు అమ్మను అడగడానికి వచ్చారు. "నువ్వు చూశావా అక్కా, గీత కింద నీళ్లు?" అమ్మ పొయ్యి ఊదుతోంది. నా వైపు తిరగలేదు. "నా కళ్లు పాతబడ్డాయి తల్లీ" అంది. "దీపం వెలుగులో నాకు నా వేళ్లే సరిగ్గా కనబడవు. గీతేం కనబడుతుంది?" వాళ్లు పోయాక ఆమె నాతో ఆ సంగతి మాట్లాడలేదు. అన్నం మాత్రం రెండు పూటలు నా ముందు పెట్టి చప్పుడు చేయకుండా వెళ్లిపోయింది.

గుంట తోడలేదు. ముహూర్తం మారలేదు. పెళ్లికి ముందు రోజు మజోల్ మా మేనత్తతో కలిసి వెళ్లి, గంటకు తిరిగొచ్చింది. జుట్టు తడిగా ఉంది.

"ఎలా ఉన్నాయే నీళ్లు?" అని ఊరుకోలేక అడిగాను.

"చల్లగా" అంది. "ఆగస్టులో అంత చల్లగా ఎలా ఉంటాయో, నాకు పళ్లు కొట్టుకున్నాయి." జుట్టు పిండుకుంటూ లోపలికి పోయింది.

భూమి కింది గుంట ఏ నెలలోనైనా చల్లగానే ఉంటుంది. దాన్నిబట్టి ఏమీ తేలదు.

పది రోజుల తర్వాత సివ్యో అవ్వ మా చెప్పుల సంఘం కిటికీ దగ్గరకొచ్చింది. చేతిలో చెప్పులు లేవు.

"నిన్నెవరు పంపారు?" అంది.

"ఎక్కడికి అవ్వా?"

"ముందు చూశానని చెప్పావు. చూశావు, నాకు తెలుసు. ఆ కూలిన గోడ వెనక నీ తల నాకు కనబడింది. మళ్లీ చూడలేదన్నావు. మనిషి ఊరికే తన మొహాన మసి పూసుకోడు. నీకేం కావాలి?"

"ఏమీ వద్దు అవ్వా."

"ఏమీ వద్దనేవాళ్లంటేనే నాకు భయం." ఆమె కిటికీ చువ్వ పట్టుకుని కొంచెం ముందుకు వంగింది. "నిసోన్ తాష్కెంట్ పోయాడు. అక్కడ ఇటుకల పని. వెతుక్కో, కావాలంటే." నా కళ్లలో ఏదైనా కదులుతుందేమోనని చూసి, వెళ్లిపోయింది.

మంచు అన్న మాట ఆమె అనలేదు. నేనూ అనలేదు.

అక్టోబరు చివర నా పక్క బల్ల మీద మేకులు కొట్టే ఊషియెర్ పెళ్లి. పెళ్లి పత్రం మీద ఇద్దరు సాక్షులు సంతకం చేయాలి. ఆరు నెలల కిందటే ఒకడిగా నన్ను అడిగాడు. ఆ సాయంత్రం వాళ్ల పెరట్లో పత్రం పరిచారు. హియో మామ సిరా బుడ్డి పట్టుకుని నా ముందుగా నడిచి, పలావు దేగిసా దగ్గర నిలబడ్డ ఒక తాగుబోతు రంగులవాణ్ణి చెయ్యిపట్టి తెచ్చాడు. ఊషియెర్ నా దగ్గరకొచ్చి చెవి గోక్కున్నాడు.

"ఇల్యావూ, ఏమనుకోకు. నీ సంతకం ఉంటే పత్రం చెల్లదంటున్నారు. అబద్ధసాక్ష్యం చెప్పినవాడి చేతి రాత పనికిరాదట."

"ధర్మశాస్త్రంలో అలాగే ఉంది" అన్నాను. "వాళ్లు చెప్పింది సరైనదే."

"నువ్వు... తిని వెళ్లు మరి."

ఆడవాళ్ల వైపు సివ్యో అవ్వ కూర్చుని ఉంది. కొత్త పెళ్లికూతుర్ని ముంచి లేపింది కాబట్టి పెద్ద దిండు ఆమెకే వేశారు. హియో మామ కోడలు అప్పుడే కనబడుతున్న పొట్టతో ఆమె పక్కన కూర్చుని దానిమ్మ గింజలు ఒలుస్తోంది. అవ్వ నా వైపు ఒకసారి చూసి, రుమాలు సర్దుకుని, ఇంకో వైపు తిరిగి కూర్చుంది.

కొత్తిమీర వేసి పచ్చగా వండిన పలావు పళ్లెం నా ముందు పెట్టారు. ఉప్పు తక్కువైంది. రెండోసారి కూడా పెట్టించుకుని తిన్నాను.